సులో బావగారి చేతులు

మా బావగారు సులో చేతులు వణుకుతున్నాయని ఊళ్ళో మొదట కనిపెట్టింది హిల్మా. కనిపెట్టి ఊరుకునే రకం కాదు ఆవిడ. ఆదివారం చర్చి మెట్ల మీద నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ బావ మొన్న మా ఇంటికి ఫర్నేస్ చూడ్డానికి వచ్చాడు వెర్నా. కాఫీ ఇస్తే సగం సాసర్లోకి పోశాడు."

"ఆయన సాసర్లో పోసుకునే తాగుతాడుగా, మీకు తెలీదా?"

"పోసుకోవడం వేరు, ఒలికిపోవడం వేరు. నాకు ఎనభై రెండేళ్ళు, కళ్ళు మాత్రం పోలేదు."

"చలికి వణికి ఉంటాడు లెండి."

"చలికి వణికే మనిషా సులో?" అని నా మొహంలోకి చూసింది హిల్మా.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ అబద్ధం చెప్పిందని కాదు. ఆ సంగతి నెల్లాళ్ళ నుంచి నాకూ తెలుసు, తెలియనట్టు నటిస్తున్నాను, అదీ నా మంట.

సులో నా భర్త ఐవర్‌కి అన్న. ఐవర్ కంటే పదకొండేళ్ళు పెద్ద. ఆ ఏడు ఆయనకి అరవై ఎనిమిది. మా ఊళ్ళో, చుట్టుపక్కల ముప్ఫై మైళ్ళలో, ఇంటిని వెచ్చగా ఉంచే గ్యాస్ ఫర్నేస్ ఆగిపోతే వచ్చి బాగుచేసే మనిషి ఆయన. ఐవర్ కొత్తవి అమ్మి బిగిస్తాడు, సులో పాతవాటి రోగం కుదురుస్తాడు, నేను షాపులో ఫోన్ దగ్గర కూర్చుంటాను. ఇరవై ఆరేళ్ళుగా మా ముగ్గురి బతుకు ఇంతే. ఫర్నేస్ ఆగడం అంటే మా దగ్గర చిన్న మాట కాదు. జనవరిలో పొద్దున ఆగితే సాయంత్రానికి నీళ్ళు గడ్డకట్టి గోడల్లో గొట్టాలు పగులుతాయి. మర్నాటికి ఇల్లు ఇల్లుగా ఉండదు.

సులో పుట్టింది రాళ్ళూ బంగాళాదుంపలూ తప్ప ఏమీ పండని పొలంలో. పంతొమ్మిదేళ్ళకి ఇనుప గనిలోకి దిగాడు. నలభై దాటాక గని మూతపడితే, "ఇక ఏం చేస్తావు అన్నయ్యా?" అని ఐవర్ అడిగాడట. "ఏదో ఒకటి, పర్లేదు," అన్నాడట. ఆ 'పర్లేదు' అనే మాట ఆయన జీవితం మొత్తానికీ సరిపోయింది. గని పోయినప్పుడూ అదే అన్నాడు. పిల్లలు పుట్టనప్పుడూ అదే. ఎనిమిదేళ్ళ కిందట భార్య ఆనే ఊపిరితిత్తుల జబ్బుతో పోతే, సమాధి దగ్గర మంచులో నిలబడి, నా చెయ్యి పట్టుకుని, "పర్లేదు వెర్నా, నువ్వు ఇంట్లోకి వెళ్ళు, జలుబు చేస్తుంది," అన్నది కూడా ఈయనే. మొగుడిమీద కోపం వస్తే గిన్నెలు విసిరే మనిషిని నేను. ఈ కుటుంబంలో పడి ముప్ఫై ఏళ్ళుగా గోడలతో మాట్లాడుతున్నట్టే ఉంది నాకు.

ఆయన పని చేస్తుంటే చూడాలి. ఇంటికి వెళ్ళగానే మొదట చేతులు కడుక్కునేవాడు. సబ్బుతో, గోళ్ళ సందులు కూడా. కొత్తవాళ్ళు ఇదేం శుభ్రం అనుకునేవాళ్ళు. కారణం ఇగ్నైటర్. పాత ఫర్నేసుల్లో ఒక చిన్న దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండేది, దాన్నుంచి గ్యాస్ అంటుకునేది. తర్వాత వచ్చినవాటిలో దీపం లేదు, ఇగ్నైటర్ ఉంది. వేలెడంత బూడిదరంగు వస్తువు, కరెంటు తగిలితే నిప్పు కణికలా ఎర్రబడుతుంది, గ్యాస్ దానికి తగిలి అంటుకుంటుంది. పెళుసుతనంలో జంతిక ముక్క నయం. పైగా దానికి వేలి జిడ్డు పడదు. ఉత్త చేత్తో ఆ బూడిదరంగు భాగం ముట్టుకుంటే, జిడ్డు అంటిన చోట వేడికి చీలిక పడి నాలుగు రోజుల్లో చస్తుంది. అందుకని కింద ఉన్న తెల్ల పింగాణీ పిడి పట్టుకునే బిగించాలి. ఆ పెద్ద గని చేతులతో, గుడ్డు పెట్టినట్టు పెట్టేవాడు సులో.

చేతులు కడుక్కున్నాక బకెట్ బోర్లించి ఫర్నేస్ ముందు కూర్చుని, ఇంట్లో అందర్నీ నోరు మూసుకోమనేవాడు. వినేవాడు. ముందు చిన్న ఫ్యాను తిరగాలి. టక్కుమని ఒక స్విచ్చి పడాలి. చిన్న గాజు కంతలోంచి చూస్తే ఇగ్నైటర్ ఎర్రబడాలి. గ్యాస్ భుస్సుమనాలి. మంట. ఈ వరసలో ఎక్కడ ఆగితే అక్కడ రోగం. ఇగ్నైటర్ ఎర్రబడకపోతే మిగతావాళ్ళు వెంటనే దాన్ని పీకేసి కొత్తది పెడతారు. ఐవర్ కూడా మొదట్లో అంతే. సులో ఒప్పుకునేవాడు కాదు. "ముందు మీటరు పెట్టి దానికి కరెంటు అందుతోందో లేదో చూడరా. దుంపలు ఉడకెయ్యకుండా కంచాలు మారుస్తావేం?" అని తమ్ముణ్ణి ఆటపట్టించేవాడు.

నాకూ ఒక పని నేర్పాడు. షాపు తెరిచిన మొదటి చలికాలంలో నేను ఫోన్లు వచ్చిన వరసలో రాసి, గట్టిగా అరిచినవాళ్ళ పేరు పైన పెట్టేదాన్ని. ఆయన ఆ కాగితం చూసి పెన్సిలు తీసుకుని తల్లకిందులు చేశాడు.

"ఈ చెరువు ఒడ్డు ఇంటాయన ఇప్పుడే రావాలని అరిచాడా? ఆయనకి కట్టెల పొయ్యి కూడా ఉంది. చివర పెట్టు. ఈ లెంపీ ఏమంది?"

"కొంచెం చల్లగా ఉంది, వీలున్నప్పుడు చూడమంది. తొందరేం లేదంది."

"అయితే రాత్రి నుంచీ కోటు వేసుకునే పడుకుంది. ముందు అక్కడికి."

వెళ్ళి చూస్తే ఇంట్లో కుక్క తాగే నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. మా వాళ్ళు అంతే. కాఫీ ఇస్తే రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకుంటారు. ప్రాణం పోతున్నా పక్కవాడికి శ్రమ ఇవ్వడం తప్పనుకుంటారు. సాయం అడగవలసి వస్తే, అడగనట్టు అడుగుతారు. అది విడదీసి వినడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, బాగానే నేర్చుకున్నానని గర్వం కూడా ఉండేది నాకు.

హిల్మా చెప్పిన ఆ ఏడే, నవంబరులో, సులో బావగారు రెండు ఇగ్నైటర్లు విరగ్గొట్టాడు. "పెట్టెలోనే విరిగి వచ్చాయి," అని నా బల్లమీద పెట్టి మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన చెప్పిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను. మూడోది డిసెంబరులో, చర్చి కింది గదిలో, ఆడవాళ్ళందరూ చూస్తుండగా ఆయన వేళ్ళ మధ్య టప్పున రెండు ముక్కలైంది. ఐవర్ వెళ్ళి ఇంకోటి బిగించి వచ్చాడు. సులో ఆ సేపంతా కిటికీ దగ్గర నిలబడి బయట మంచు చూశాడట.

"మీ అన్నకి చెప్పు," అన్నాను ఆ సాయంత్రం ఐవర్‌తో.

"ఏం చెప్పను? నీ చేతులు పోయాయి అని చెప్పనా? ఆయనకి ఇంకేముంది వెర్నా?"

"గ్యాస్‌తో పని. ఎవరి ఇల్లైనా కాలితే?"

నోటిమాటకేం, కారణాలు బాగానే దొరుకుతాయి. నిజం ఏమిటంటే, ఆయన్ని అలా చూడటం నావల్ల కాలేదు. చివరికి ఐవర్ చెప్పాడు. చెప్పమని వెంటపడింది మాత్రం నేనే.

"అన్నయ్యా, ఈ చలికాలం ఇంట్లో ఉండు. వసంతంలో డాక్టరుకి చూపిద్దాం."

"సరే," అన్నాడు సులో.

తన పరికరాల పెట్టె వ్యానులోనే పెట్టుకుని తొమ్మిది మైళ్ళ అవతల, రోడ్డు చివర ఉన్న ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోడ్డులో ఆయన తర్వాత ఇల్లు లేదు. ముందున్న ఇంటివాళ్ళు చలికాలం దక్షిణాన వెచ్చటి ఊళ్ళకి పోతారు.

జనవరి మూడో వారంలో పడింది చలి. సున్నాకి నలభై కింద. సెల్సియస్‌లో చూసినా ఫారెన్‌హీట్‌లో చూసినా ఆ అంకె అదే. నాలుగు రోజులు అక్కడే ఆగింది. అడవిలో చెట్లు తుపాకీ పేలినట్టు చీలాయి. ఐవర్ తిండి కూడా వ్యానులోనే తిని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. నా ఎడమ చెవి ఫోన్‌కి అతుక్కుపోయి వాచింది. గురువారం పొద్దున తొమ్మిదింటికి సులో బావగారు ఫోన్ చేశాడు.

"వెర్నా, బాగున్నారా?"

"ఏం బాగు బావగారూ. ఈ ఫోన్ నన్ను మింగేస్తోంది. మీరెలా ఉన్నారు?"

"పర్లేదు. ఐవర్ తింటున్నాడా?"

"తింటున్నాడు. చెప్పండి."

"ఏం లేదు. పాత రకం ఇగ్నైటర్లు, చుట్ట చుట్టినట్టు ఉంటాయి చూడు, అవి అలమరలో ఒకటో రెండో ఉన్నాయేమో అని."

"ఉండే ఉంటాయి. మీకెందుకు?"

"ఊరికే. ఎవరైనా ఇటు వస్తే పడెయ్యమను. పనిగట్టుకుని రావద్దు."

ఇక్కడ నా బుర్ర తప్పుదోవ పట్టింది. ఆయనకి ఇంట్లో తోచక, మాకు చెప్పకుండా ఎవరి ఇంటికో పనికి వెళ్తున్నాడనుకున్నాను. వణికే చేతులతో, గ్యాస్ దగ్గరికి. నాకు కోపం వచ్చింది.

"బావగారూ, ఐవర్ మిమ్మల్ని ఇంట్లో ఉండమన్నాడు కదా. చాటుగా ఎవరి పనైనా ఒప్పుకున్నారా?"

"లేదమ్మా. ఎక్కడికీ వెళ్ళను."

"మరి ఇగ్నైటర్లు ఎందుకు?"

"ఉంటే మంచిదని. తొందరేం లేదు."

ఆ మాట నా చెవిలో పడింది. లెంపీ అని ఉంటే, హిల్మా అని ఉంటే, ఆ క్షణమే ఐవర్‌ని అటు మళ్ళించి ఉండేదాన్ని. అన్నది సులో. మిగతా అందరి మాటకీ అర్థం చెప్పే మనిషి తన మాట కూడా అలాగే చెబుతాడని నాకు తట్టలేదు. రెండో ఫోన్ మోగుతోంది. "ఉంటాను బావగారూ," అని పెట్టేశాను. కాగితం అట్టడుగున, 'సులో, పాత ఇగ్నైటర్లు, ఎప్పుడైనా' అని రాశాను. నా చేతిరాతే. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మధ్యాహ్నం మూడింటికి ఐవర్ చేతులు కాచుకోవడానికి షాపుకి వచ్చాడు. కనుబొమలమీద మంచు పేరుకుని ఉంది. బల్లకి ఆనుకుని కాగితం పై నుంచి కిందికి చదివాడు.

"అన్నయ్యకి ఇవెందుకు?"

"అదే నేనూ అడిగాను. ఎవరిదో పని ఒప్పుకున్నట్టున్నాడు. నువ్వే మాట్లాడు, నేను చెబితే వినడు."

అంటూనే అలమర దగ్గరికి వెళ్ళి పెట్టె తీశాను. దానిమీద దుమ్ము వేలితో పేరు రాసేంత ఉంది. ఆ చుట్ట రకం ఎవరూ వాడటం లేదు. అలాంటి ఫర్నేసులు మా చుట్టుపక్కల రెండే ఉండేవి. చర్చిలో ఉన్నది రెండేళ్ళ కిందటే మార్చేశాం. రెండోది సులో ఇంట్లోది. పెట్టె నా చేతిలో ఉంది, నేను ఐవర్ వైపు తిరిగాను. నా మొహం చూసి ఐవర్ కోటు తీసుకున్నాడు.

ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. తొమ్మిది మైళ్ళు వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. దారంతా ఐవర్ ఒక్కటే అన్నాడు, "ఆ ఇంట్లో కట్టెల పొయ్యి కూడా లేదు." నిజమే. ఆనేకి పొగ పడదని పన్నెండేళ్ళ కింద పీకేశాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

వాకిట్లో వ్యాను వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పరికరాల పెట్టెలన్నీ మంచులోకి లాగి, మూతలు తీసి, కలియబెట్టినట్టు ఉన్నాయి. పక్కనే ఆయన చేతి తొడుగులు, రెండూ, ఒకదాని మీద ఒకటి నీటుగా పెట్టి ఉన్నాయి. తొడుగులతో వెతికితే అంత సన్నటి వస్తువు వేళ్ళకి తెలియదు, అందుకని తీసేశాడు. నలభై కింద చలిలో, ఇనుప పెట్టెల్లో, ఉత్త చేతులతో ఎంతసేపు వెతికాడో దేవుడికే తెలియాలి.

ఇంట్లోకి వెళ్తే లోపలా బయటా ఒకటే చలి. ఆయన గొట్టాల్లో నీళ్ళన్నీ ముందే వదిలేశాడు, ఒక్క గొట్టం పగల్లేదు. కింది గదిలో ఫర్నేస్ తలుపు తీసి ఉంది. పక్కన బల్లమీద పాత వార్తాపత్రిక పరిచి, దానిమీద మూడు ఇగ్నైటర్లు వరసగా పెట్టి ఉన్నాయి. నాలుగోది ఫర్నేసులో బిగించి ఉంది. మనిషి లేడు.

"పొగ," అన్నాడు ఐవర్, మెట్లమీద కిటికీలోంచి చూసి.

పెరట్లో సౌనా ఉంది. మా వాళ్ళు ఇల్లు కట్టకముందు సౌనా కట్టుకుంటారు, అందులో ఆవిరిస్నానం చేస్తారు, వెనకటి రోజుల్లో పురుళ్ళు కూడా అందులోనే. దాని గొట్టంలోంచి సన్నగా పొగ వస్తోంది. తలుపు లాగితే, కింది పలకమీద కోటూ టోపీతో కూర్చుని ఉన్నాడు సులో. ముందున్న పొయ్యిమీది రాళ్ళ దగ్గరికి రెండు చేతులూ చాపి పెట్టుకున్నాడు. మరీ దగ్గరగా పెట్టుకున్నాడు. వేళ్ళు మైనంలా తెల్లబడి, రాళ్ళ వైపు ఉన్న చర్మం బొబ్బలెక్కి చిట్లి ఉంది. ఆయనకి తెలియడం లేదు.

మమ్మల్ని చూసి లేవబోయాడు.

"ఇంత దూరం ఎందుకొచ్చారు? అవతల ఎంతమంది చలిలో ఉన్నారో."

నేను ఆయన మణికట్లు పట్టుకుని వెనక్కి లాగాను. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని అనుకోలేదు కూడా. "మీరు చెప్పొచ్చు కదా బావగారూ. ఇల్లు చల్లబడిందని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా."

"సిగ్గేసిందమ్మా," అన్నాడు. తర్వాత ఐవర్‌ని చూసి, "నిన్న రాత్రి ఆగింది. ఇగ్నైటర్ ఎర్రబడలేదు. కొత్తది పెట్టాను, వెలగలేదు. నా వేళ్ళ మధ్య చీలి ఉంటుంది. ఇంకోటి పెట్టాను. అదీ చెడగొట్టాను. వ్యానులో ఒకటి దొరికింది, అదీ అంతే. నువ్వు చెప్పింది నిజంరా. ఈ చేతులు ఇక పనికిరావు," అన్నాడు.

బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ముందు గడ్డకట్టి, ఆ మీదట కాలిన వేళ్ళు అవి. ఏవి బతుకుతాయో ఏవి పోతాయో తేలడానికి వారాలు పడుతుందన్నాడు డాక్టరు. సులో తల ఊపి, ఆ డాక్టరు పేరేమిటో, వాళ్ళింట్లో ఏ రకం ఫర్నేస్ ఉందో అడిగాడు.

మర్నాడు పొద్దున ఐవర్, నేనూ ఆ ఇంటికి వెళ్ళాం. ఐవర్ బకెట్ బోర్లించి కూర్చుని ఫర్నేస్ ఆన్ చేశాడు. ఫ్యాను తిరిగింది. టక్కుమంది. గాజు కంతలో చీకటి. ఐవర్ నాలుగో ఇగ్నైటర్ విప్పబోయి ఆగాడు. ఏమనుకున్నాడో, సంచిలోంచి మీటరు తీసి దాని రెండు తీగలకీ ఆనించాడు. ముల్లు యాభై దాటి నిలబడింది. విరిగినదైతే ముల్లు కదలదు.

"ఇది బాగానే ఉంది," అన్నాడు.

వార్తాపత్రిక మీదున్న మూడూ ఒక్కొక్కటే చూశాడు. మొదటిది పాతది, ఏళ్ళ తరబడి పనిచేసింది, అదీ బాగుంది. రెండోది బాగుంది. మూడోది బాగుంది. నేను కళ్ళజోడు పెట్టుకుని వెలుతురులో తిప్పి చూశాను. చీలిక లేదు. బూడిదరంగు మీద ఒక్క వేలి మచ్చ లేదు. ఆ చలిలో, ఆ వణుకుడు చేతులతో, ఒక్కదాన్నీ ఆయన పిడి దాటి ముట్టుకోలేదు.

తర్వాత ఐవర్ మీటరు, ఇగ్నైటర్ తీగలు తగిలించే ప్లగ్గుకి పెట్టాడు. కరెంటు లేదు. ప్లగ్గుకి ఇవతల ఉంది. విప్పి చూస్తే లోపల ఒక పిన్ను కాలి నల్లబడి, పట్టుకుంటే పొడైంది. పది నిమిషాల పని. తీగ కత్తిరించి కలిపి ఆన్ చేస్తే, సులో బిగించిన నాలుగో ఇగ్నైటర్ నారింజరంగుకి తిరిగింది, గ్యాస్ భుస్సుమంది. ఐవర్ బకెట్ మీద నుంచి లేవలేదు. ఆ మంట చూస్తూ అరగంట కూర్చున్నాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. ఇల్లు వెచ్చబడింది.

ముందు కరెంటు చూడమని తమ్ముడికి ఇరవై ఆరేళ్ళు చెప్పిన మనిషి, తన ఇంట్లో చూడలేదు. చూడాలని ఎందుకు అనిపిస్తుంది? తప్పు ఎక్కడుందో మేమంతా ఆయనకి ముందే చెప్పేశాం కదా.

"అన్నయ్యకి చెప్పొద్దు," అన్నాడు ఐవర్, ఇంటికి వచ్చేటప్పుడు. "వేళ్ళు ఉంటే చెబుదాం. పోతే ఎప్పటికీ వద్దు."

ఫిబ్రవరి అంతా అలాగే గడిచింది. నేను రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్ళి సూపు తాగించేదాన్ని. ఇంటి సంగతి అడిగితే వెచ్చగా ఉందనేదాన్ని. మార్చి మొదటి వారంలో ఆపరేషన్ చేశారు. కుడిచేతికి బొటనవేలు మిగిలింది, ఎడమచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు వెళ్ళాను. రెండు చేతులూ గుడ్డల మూటల్లా దుప్పటి మీద పెట్టుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. బయట కరుగుతున్న మంచు చూరు నుంచి బొట్లు బొట్లుగా పడుతోంది. నేను సూపు గిన్నె మూత తీశాను.

"వెర్నా, ఐవర్ ఎన్నోది పెడితే వెలిగింది?"

"ఏమిటి బావగారూ?"

"మా ఇంటి ఫర్నేస్. నావి నాలుగూ పోయాక కొత్తది ఒక్కటే పట్టిందా, రెండు పట్టాయా? ఆ పాత రకం అలమరలో రెండే ఉంటాయి."

నేను చెంచాతో సూపు కలుపుతూ కూర్చున్నాను. అబద్ధం సిద్ధంగానే ఉంది నా దగ్గర, ఒకటి అని చెబితే సరిపోయేది. నేను ఊరుకున్న కొద్దీ ఆయన తల కొంచెం పక్కకి వంచాడు.

"కరెంటు రాలేదా?" అన్నాడు మెల్లిగా.

"ప్లగ్గులో పిన్ను కాలిపోయింది."

"నేను పెట్టినవి?"

"బాగున్నాయి బావగారూ. నాలుగూ బాగున్నాయి. మీరు చివర పెట్టినదే ఇప్పుడు మండుతోంది. ఐవర్ అలమరలోవి పెట్టెలోంచి తియ్యలేదు."

"నాలుగూనా?"

"నాలుగూ."

చాలాసేపు ఆ మూటల వైపు చూశాడు. కుడిదాన్ని కొంచెం ఎత్తి మళ్ళీ దుప్పటి మీద పెట్టాడు. పర్లేదంటాడని ఎదురుచూశాను. అనలేదు.

"ఈ కళ్ళజోడు కాస్త తియ్యమ్మా," అన్నాడు చివరికి.

తీశాను. ఆయన అడగలేదు గానీ, కళ్ళు కూడా నేనే తుడిచాను.